భూమి, నది, సముద్రము : గోదావరి డెల్టా నేర్పు పాఠము

భూగోళ శాస్త్రమును అభ్యసించు విద్యార్థి మొదటి తరగతులలోనే మూడు మాటలు నేర్చుకొనును. అవి క్రమక్షయము, రవాణా, నిక్షేపణము. పరీక్షలో వాటి నిర్వచనములను వ్రాసి మార్కులు తెచ్చుకొనును. కాని ఆ మూడు మాటలలో ఒక ఊరి పుట్టుక, ఒక ఊరి చావు ఇమిడి యున్నవని సాధారణముగా అతనికి తోచదు. చెప్పుటకు సిగ్గుపడుచున్నాను గాని, కొన్ని ఏండ్లు పాఠము చెప్పిన పిమ్మట కూడ నాకు తోచలేదు. కాకినాడకు ఉత్తరమున నున్న ఉప్పాడ తీరమునకు విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లిన నాడు ఆ సంగతి మనస్సునకు పట్టినది.

అక్కడ ఒడ్డున కూర్చుండి వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధుని, "మీ ఇల్లెక్కడ తాతా?" అని మా విద్యార్థి యొకడు అడిగెను. ఆయన ఊరివైపు తిరుగలేదు. అలలవైపు చెయ్యి చాచి, "అదిగో బాబూ, ఆ నురుగు కనబడతంది కదా, అక్కడుండేది. మా అయ్య కట్టిన ఇల్లు. ఇప్పుడుంటన్నది మూడోది" అనెను. కొంతసేపటికి నావైపు చూచి, "ఇది ఆగుద్దా మాస్టారూ?" అని అడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమే ఈ వ్యాసము.

సముద్రమునకు కోపము వచ్చినదని ఒక మాటలో చెప్పి ఊరకుండవచ్చును. అది సమాధానము కాదు. తీరమును తెలిసికొనవలెనన్న నదిని తెలిసికొనవలెను. నదిని తెలిసికొనవలెనన్న దాని క్రింది రాతిని తెలిసికొనవలెను. కనుక మొదట భూగర్భముతో ప్రారంభింతము.

భూగర్భము వేసిన బాట

గోదావరి మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాలో త్ర్యంబకేశ్వరము వద్ద, సముద్రమట్టమునకు సుమారు 1,067 మీటర్ల ఎత్తున పుట్టుచున్నది. అచ్చటికి అరేబియా సముద్రము సుమారు 80 కిలోమీటర్ల దూరము మాత్రమే. అంత చేరువ నున్న సముద్రమును విడిచి ఈ నది 1,465 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమున ఏల కలియుచున్నది? నీరు పల్లమెరుగునని మన పెద్దలు చెప్పిన సామెతయే సమాధానము. దక్కను పీఠభూమి పడమటి అంచున లేచి తూర్పునకు వాలి యున్నది. ఆ వాలు నది చేసికొన్నది కాదు; భూమి లోపలి శక్తులు చేసిపెట్టినది.

వాలు మాత్రమే కాదు, దారియు అట్టిదే. కాళేశ్వరము వద్ద ప్రాణహితను కలుపుకొన్న పిమ్మట గోదావరి ఆగ్నేయ దిశకు తిరుగును. పటమున చూచిన, ఎవరో కొలబద్దతో గీత గీచినట్లు ఆ లోయ వాయవ్యము నుండి ఆగ్నేయమునకు సాగును. ఇది పగులు లోయ. సుమారు 30 కోట్ల సంవత్సరములకు పూర్వము, భారతదేశము ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి గోండ్వానా అను మహాఖండమున భాగమై యుండెను. అప్పుడు భూపటలము సాగదీయబడి పగిలినది. రెండు భ్రంశముల నడుమ నేల క్రిందికి దిగినది. ఆ పల్లములోనికి ఏరులు ఇసుకను, బురదను, చెట్ల శిథిలములను తెచ్చి నింపినవి. నేడు సింగరేణి గనులలో త్రవ్వుచున్న బొగ్గు ఆ చెట్లదే. ఆ పొరలకు పైనున్న మరియొక పొరలో, ఆదిలాబాదు ప్రాంతపు యామన్‌పల్లి వద్ద దొరకిన ఎముకలనుబట్టి 1988లో కోటాసారస్ అను రాక్షసబల్లికి నామకరణము జరిగినది. దాని అస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రములో మన విద్యార్థులు చూచియే యుందురు. అంత పెద్ద జంతువు తిరుగాడుటకు తగిన చెట్లు, నీరు నాడు ఆ లోయలో నుండెనన్నమాట.

సుమారు 13 కోట్ల సంవత్సరములకు పూర్వము భారతదేశము అంటార్కిటికా నుండి విడివడినది. విడివడిన అంచే నేటి మన తూర్పు తీరము. రొట్టెను విరిచినపుడు అంచు చక్కగా నుండదు. కొన్ని చోట్ల పల్లము, కొన్ని చోట్ల మెరక మిగులును. ఆ విధముగానే మన తీరము వెంబడి పెద్ద పల్లములు ఏర్పడినవి. వాటిలో ఒకటి కృష్ణా-గోదావరి బేసిను. అందులో కొన్ని కిలోమీటర్ల మందమున మన్ను పేరుకొన్నది. నేడు దాని అడుగు నుండియే సహజ వాయువును తీయుచున్నారు.

మూడవ ఘట్టము అగ్నికి సంబంధించినది. సుమారు 6.6 కోట్ల సంవత్సరములకు పూర్వము పడమటి దక్కనులో నేల పగుళ్ల నుండి లావా పొంగి పొరలు పొరలుగా పరచుకొన్నది. ఆ నల్లరాయి చివికి నల్లరేగడి భూమి యైనది. ఆశ్చర్యకరమైన సంగతి యేమన, అట్టి నల్లరాయియే ఇటు రాజమండ్రికి సమీపమున గోదావరికి ఇరువైపుల, కాతేరు, పంగిడి గ్రామముల వద్ద కనబడుచున్నది. పంగిడి క్వారీలలో కంకరగా కొట్టుచున్న రాయి ఇదియే. దీనిని రసాయనిక పరీక్ష చేసిన శాస్త్రజ్ఞులు, ఇది పడమటి కనుమల ప్రాంతపు లావాతో సరిపోలుచున్నదని, ఆ లావా నాటి నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇంతదూరము వచ్చినదని భావించుచున్నారు. నీటికంటె ముందు నిప్పు ఆ బాటను నడచినదన్నమాట.

చివరకు పాపికొండలు. తూర్పు కనుమల శిలలు వంద కోట్ల సంవత్సరములకు మించిన వయస్సు గలవి, మిక్కిలి గట్టివి. అట్టి కొండను చుట్టి పోక, గోదావరి దానిని నిలువునా కోసికొని పోవుచున్నది. మైదానమున కిలోమీటర్ల వెడల్పున పారిన నది అక్కడ గొంతు సన్నబడి, లోతై, మలుపులు తిరుగును. కొండ లేచుచున్నంత మెల్లగా నది దానిని కోసికొనుచు తన పాత దారిని నిలుపుకొన్నదని కొందరు చెప్పుదురు. అట్టి దానిని పూర్వవర్తి నది యందురు. పూర్వము పైన నుండిన మెత్తని పొరల మీద పారిన నది, అవి అరిగిపోగా క్రింది కొండలోనికి దిగినదని మరికొందరు చెప్పుదురు. అట్టిది అధ్యారోపిత నది. రెండిటిలో ఏది నిజమైనను, విద్యార్థి గ్రహింపవలసిన సూత్రము ఒకటే: రాతి గట్టితనముకంటె నీటి ఓర్పు పెద్దది.

ఈ భూగర్భ శక్తులు తమ పని ముగించి నిద్రించుచున్నవని అనుకొనరాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలము ప్రాంతమున 5.7 పరిమాణము గల భూకంపము వచ్చినది. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయమున ములుగు జిల్లాలో 5.3 పరిమాణము గల భూకంపము వచ్చి, హైదరాబాదు వరకు జనులు ఇండ్ల నుండి బయటకు పరుగెత్తిరి. రెండును ఆ పాత పగులు లోయ ప్రాంతమునకు చెందినవే.

నది మోసిన మన్ను

భూగర్భము బాట వేసినది. ఆ బాటలో బరువు మోసినది నది. గోదావరి పరీవాహక ప్రదేశము సుమారు 3,12,800 చదరపు కిలోమీటర్లు. దేశ వైశాల్యమున ఇది దాదాపు పదవ వంతు. ఇంత విశాలమైన భూమిపై పడిన వానలో అధికభాగము జూన్ నుండి అక్టోబరు వరకు నాలుగైదు నెలలలోనే పడుచున్నది. అందుచేత గోదావరికి రెండు ముఖములు కలవు. వేసవిలో ఇసుక తిన్నెల నడుమ సన్నగిల్లిన పాయ; శ్రావణమున ఎర్రని సముద్రము. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. ఒక్క పెద్ద వరద మోయు మన్ను కొన్ని వేసవులు కలిసి మోయు మన్నుకంటె ఎక్కువ.

నది మన్నును మూడు విధముల మోయును. గులకరాళ్లను, ముతక ఇసుకను అడుగున దొర్లించుకొని పోవును. సన్నని ఇసుకను, ఒండ్రును నీటిలో కలుపుకొని పోవును. ఉప్పు, సున్నము వంటివాటిని కరగించుకొని పోవును. ఒకే ఒక నియమము దీనిని శాసించును. ప్రవాహవేగము తగ్గిన కొలది మొదట పెద్ద రేణువు, తరువాత చిన్న రేణువు దిగబడును. వాగు ఒడ్డున పుట్టిన పిల్లవానికి ఇది తెలిసిన విషయమే. ఉరవడి గల చోట రాళ్లు, మలుపు లోపలి వైపున ఇసుక, నిలువ నీటిలో బురద.

పాపికొండలను దాటిన గోదావరికి ఎదురుగా చదునైన నేల వచ్చును. ధవళేశ్వరము వద్దకు వచ్చుసరికి వాలు దాదాపు లేదు. అక్కడ నది గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలును. వసిష్ఠ నుండి వైనతేయ చీలును. ఈ పాయల నడుమ నున్నదే కోనసీమ. వరద గట్టు పొర్లినపుడు ముతక రేణువులు గట్టు మీదనే ఆగును. సన్నని ఒండ్రు దూరముగా పోయి దిగును. అందుచేత నదిగట్టు సహజముగానే మెరకై, నదికి దూరమైన నేల పల్లమగును. నది నడుమ ఇసుక మేట వేసి, దాని మీద ఒండ్రు పట్టి, తుంగ, రెల్లు మొలచి లంకలగును. లంక పొగాకు పండుటకు కారణము ఏటేట వచ్చు ఈ క్రొత్త ఒండ్రే. ఒక వరదకు లంక పెరుగును, మరియొక వరదకు తరుగును. లంక రైతులకు ఈ జమాఖర్చు కొత్తది కాదు.

డెల్టా పెరిగిన తీరు

సుమారు 20,000 సంవత్సరములకు పూర్వము భూమి మీద మంచుయుగము నడచుచుండెను. నీరు ఉత్తర ఖండములపై మంచుగా గడ్డకట్టి యుండుటచే సముద్రమట్టము నేటికంటె దాదాపు 120 మీటర్లు తక్కువగా నుండెను. నాడు గోదావరి నేటి తీరమునకు తూర్పున, ఇప్పుడు నీటిలో మునిగియున్న నేలపై పారి సముద్రమున కలిసెను. మంచు కరగగా సముద్రము పైకి వచ్చినది. సుమారు ఆరేడు వేల సంవత్సరములకు పూర్వము ఆ పెరుగుదల మందగించినది. నాటి తీరరేఖ నేటి కొల్లేరు ప్రాంతము వరకు లోపలికి వచ్చియుండెను. నేడు కొల్లేరు నుండి సముద్రము 30 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. అనగా ఆ నేల అంతయు ఈ ఆరేడు వేల ఏండ్లలో నది సముద్రము నుండి సంపాదించి మనకిచ్చినదే. శిలల వయస్సుతో పోల్చిన ఇది నిన్నటి మాట.

దీనికి సాక్ష్యము ఎక్కడ నున్నదని అడుగవచ్చును. కోనసీమ రైతు నోట నున్నది. ఆయన తన భూమిని మెరక, పల్లము అని రెండుగా చెప్పును. మెరక మీద కొబ్బరి, పల్లములో వరి. ఈ మెరకలలో కొన్ని నదిగట్టులు. మరికొన్ని తీరమునకు దాదాపు సమాంతరముగా, వరుసలు వరుసలుగా సాగు ఇసుక దిబ్బలు. ఒకప్పుడు అలలు వచ్చి తాకిన తీరములే అవి. సముద్రము వెనుకకు జరిగిన కొలది ఒక్కొక్క తీరమును దిబ్బగా విడిచిపోయినది. ఊళ్లు వరదకు అందని ఆ దిబ్బల మీద వెలసినవి. బలుసుతిప్ప వంటి పేర్లలోని 'తిప్ప' అను మాట, లెక్కకు మిక్కిలిగా వినబడు 'లంక' అను మాట ఆ నేల పుట్టుకను నేటికిని చెప్పుచున్నవి. కొల్లేరు కథయు ఇట్టిదే. అటు కృష్ణ, ఇటు గోదావరి తమ తమ డెల్టాలను ముందుకు త్రోయగా, రెండిటి నడుమ పూడక మిగిలిన పల్లము మంచినీటి సరస్సైనది. ఉప్పుటేరు ద్వారా మాత్రమే దానికి సముద్రముతో సంబంధము మిగిలినది.

మన కళాశాలలో ఉర్దూ చదువు విద్యార్థులకు ఒక మాట. ఉర్దూలో 'దర్యా' అనగా నది. అదే మాటకు ఫారసీలో సముద్రమను అర్థము కూడ కలదు. గౌతమీ ముఖద్వారమున నిలుచున్నవానికి ఈ రెండర్థములును సరియైనవే అనిపించును. ఎక్కడ నది ముగిసెనో, ఎక్కడ సముద్రము మొదలయ్యెనో అక్కడ ఎవరును గీత గీయలేరు. పోటు వచ్చినపుడు సముద్రము నదిలో నుండును. వరద వచ్చినపుడు నది సముద్రములో నుండును.

సముద్రము చేయు పని

నది తెచ్చిన మన్ను ముఖద్వారమున పడగానే కథ ముగియదు. అక్కడ మూడవ శక్తి దానిని అందుకొనును. మన తీరమున నైరుతి ఋతుపవన కాలమందు అలలు దక్షిణ, నైరుతి దిక్కుల నుండి ఏటవాలుగా వచ్చి తాకును. అల ఎక్కునపుడు ఇసుక రేణువును ఏటవాలుగా ఒడ్డుపైకి త్రోయును. దిగునపుడు నీరు వాలును బట్టి తిన్నగా క్రిందికి జారును. ఒక్కొక్క అలకు ఆ రేణువు కొంచెము కొంచెము ఉత్తరమునకు జరుగును. రంపపు పళ్లవలె దాని నడక. శీతకాలములో ఈశాన్య గాలులకు ఇసుక కొంత దక్షిణమునకు పోయినను, సంవత్సరము మొత్తము మీద మన తూర్పు తీరపు ఇసుక ఉత్తరమునకే ప్రయాణించును. పగలు రాత్రి విరామము లేని ఈ ఇసుక నది మన పటములలో కనబడదు.

దీని చేతిపనికి కాకినాడ ఇసుకదిబ్బ మంచి ఉదాహరణము. గౌతమీ ముఖము వద్ద నుండి ఉత్తరమునకు, చేయి చాచినట్లు, సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఒక సన్నని ఇసుక నేల పెరిగినది. దానినే హోప్ ఐలాండు అందురు. గడచిన రెండు వందల ఏండ్లలోనే అది ఇంతగా పెరిగినది. ఆ చేయి అడ్డముగా నుండుట వలననే కాకినాడ రేవునకు తుపాను అలల నుండి రక్షణ కలుగుచున్నది. దాని వెనుక నున్న నిలకడ నీటిలో బురద దిగి, మడచెట్లు పెరిగి, కోరంగి అభయారణ్యమైనది. 1978లో ఏర్పడిన ఆ అభయారణ్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

ఒకరికి మేలు చేసిన మన్ను మరియొకరికి కీడు చేసినది. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన గొప్ప రేవు. తెలుగువారు అక్కడ ఓడ ఎక్కి బర్మాకు పోవుటచే అక్కడి జనులు వారిని 'కొరింగీ'లని పిలిచిరి. 1789లోను, 1839లోను వచ్చిన భయంకరమైన తుపానులు ఆ ఊరిని తుడిచిపెట్టినవి. తుపానుకు మిగిలిన రేవును ఒండ్రు పూడ్చివేసినది. ఓడలు కాకినాడకు మరలినవి. నేడు కోరంగి అనిన మడ అడవి గుర్తునకు వచ్చును గాని, ఓడరేవు ఎవరికిని గుర్తునకు రాదు.

ఉప్పాడ ప్రశ్న

ఇప్పుడు ఆ వృద్ధుని ప్రశ్నకు వత్తము. తీరమనునది ఒక జమాఖర్చు పుస్తకము. నది తెచ్చునది జమ; అలలు తీసికొని పోవునది ఖర్చు. జమ ఎక్కువైన చోట నేల పెరుగును. ఖర్చు ఎక్కువైన చోట నేల తరుగును. ఉప్పాడలో ఖర్చు పెరుగుటకు, జమ తగ్గుటకు కారణములు ఒకటి కాదు, అనేకములు.

మొదటిది స్థానికము. దక్షిణము నుండి వచ్చు ఇసుకలో కొంత ఆ ఇసుకదిబ్బ పెరుగుదలకే పోవుచున్నది. ఆ దిబ్బ కొనను చుట్టి వచ్చు అలలు వంగి, ఉప్పాడ వైపు తీరముపై తమ బలమును చూపుచున్నవి. రేవుల కొరకు సముద్రములోనికి కట్టిన గోడలు, త్రవ్విన లోతు కాలువలు కూడ ఇసుక నడకను ఆపును. ఇసుక నదికి అడ్డముగా ఏది కట్టినను, దక్షిణమున మేట వేయును, ఉత్తరమున కోత పడును.

రెండవది ఎగువ నుండి వచ్చినది. 1970 ప్రాంతమున గోదావరి ఏటేట డెల్టాకు తెచ్చిన ఒండ్రుతో పోల్చినపుడు, 1990 దశాబ్దమునాటికి వచ్చినది సగముకంటె తక్కువ. మహారాష్ట్రలో 1976లో ప్రారంభమైన జాయక్‌వాడి, తెలంగాణములోని శ్రీరామసాగరము మొదలుకొని పెక్కు జలాశయములు నదిపైన, ఉపనదులపైన లేచినవి. జలాశయమున నీరు నిలిచినపుడు వేగము తగ్గును. వేగము తగ్గిన మన్ను దిగబడునని పైన చెప్పుకొన్న నియమమే ఇక్కడను పని చేయును. ఆనకట్ట నీటితోపాటు నేలను కూడ ఆపును. 1976 నుండి 2001 వరకు గోదావరి డెల్టా ముఖమున సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల నికరముగా సముద్రము పాలైనదని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు ఉపగ్రహ చిత్రముల ఆధారమున లెక్కకట్టిరి. వేల ఏండ్లుగా పెరుగుచు వచ్చిన డెల్టా మన కాలమున తరుగుట మొదలైనది. పోలవరము ప్రాజెక్టు పూర్తియైనచో, పాపికొండల క్రింద మరియొక పెద్ద జలాశయము ఈ లెక్కలో చేరును.

మూడవది కంటికి కనబడనిది. డెల్టా నేల తడి బురదతో పేరుకొన్నది. తన బరువునకు తానే నెమ్మదిగా అణగుచుండును. క్రొత్త ఒండ్రు పడుచున్నంత కాలము ఆ లోటు తీరును. ఒండ్రు రాకున్న నేల క్రుంగుట మాత్రమే మిగులును. దీనికి తోడు వాతావరణము వేడెక్కుటచే 1900 నుండి నేటికి ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు దాటి పెరిగినది. ఇరవై సెంటీమీటర్లనగా జానెడు. కొండ ప్రాంతమున జానెడు లెక్కలోనిది కాదు. వాలే లేని డెల్టాలో జానెడు నీరు ఎంతో దూరము లోపలికి వచ్చును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగినవారికి ఈ మాట వివరింపనక్కర లేదు.

ఆనకట్టలు దోషములా?

ఇంతవరకు చదివిన విద్యార్థి, ఆనకట్టలే దోషులని తీర్పు చెప్పవచ్చును. అది తొందరపాటగును. 1833 నాటి డొక్కల కరువులో సర్కారు జిల్లాలలో జనులు ఆకలికి మాడి చచ్చిరి. గోదావరి ప్రక్కనే పారుచున్నను ఆ నీరు పొలమునకు ఎక్కలేదు. 1847లో ప్రారంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట ఆ సీమను అన్నపూర్ణగా మార్చినది. ఆర్థర్ కాటన్ విగ్రహమునకు గోదావరి రైతు నేటికిని పూలమాల వేయుచున్నాడన్న అందుకు తగిన కారణము కలదు. జాయక్‌వాడి క్రింద మరాఠ్వాడా రైతు, శ్రీరామసాగరము క్రింద కరీంనగరు రైతు త్రాగిన నీరు, పండించిన గింజ అబద్ధము కాదు.

అయితే లెక్క పూర్తిగా వ్రాయవలెను. ఎగువ రైతు పొందిన లాభము ప్రాజెక్టు పుస్తకములో ఎకరముల వారీగా వ్రాయబడును. వెయ్యి కిలోమీటర్ల దిగువన బెస్తవాని ఇల్లు కూలిన నష్టము ఏ పుస్తకమునను ఎక్కదు. అది సముద్రపు పనియని, విధి యని వదలివేయబడును. నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే. ఉప్పాడ ఒడ్డున పడిపోయిన గోడకు కారణములలో కొన్ని నాసిక్ కొండల వరకు, కొన్ని మంచుయుగము వరకు, కొన్ని మన కాలువల వరకు వ్యాపించి యున్నవి. ఆ సంగతి తెలియనంత కాలము మనము ఒడ్డున రాళ్లు పోయుచునే యుందుము.

రాళ్లు పోయుటను గూర్చి ఒక మాట. ఉప్పాడ తీరమున రాతికట్టలు, ఇసుక నింపిన పెద్ద సంచుల గోడలు కట్టిరి. కాకినాడ-ఉప్పాడ రోడ్డు తుపాను వచ్చినపుడెల్ల కోతకు గురియగుచు, మరల వేయబడుచున్నది. గోడ తన వెనుకనున్న ఇంటిని కొంతకాలము కాపాడును. కాని ఇసుకను పుట్టింపజాలదు. అలబలము గోడ చివరన ప్రక్క ఊరిపై పడును. ఇసుకనే తిరిగి ఇచ్చుట మరియొక మార్గము. విశాఖపట్టణమున రేవు వద్ద ఆగిన ఇసుకను త్రవ్వి తీసి, ఉత్తరపు బీచికి పంపు పద్ధతి అమలులో నున్నది. మడ అడవులను నరకకుండుట, తీరమునకు చేరువలో క్రొత్త కట్టడములు కట్టకుండుట, జలాశయములలో దిగిన ఒండ్రును వరద కాలమున కొంతయైన క్రిందికి విడుచు ఏర్పాట్లు ఆలోచించుట ఇంకను కొన్ని మార్గములు. అన్నిటికంటె ముందు, కదలవలసి వచ్చిన ఊరికి కదలుటకు తగిన స్థలము, వేటకు దారి చూపుట న్యాయము. మూడవ ఇల్లు కట్టుకొన్నవానిని నాలుగవ ఇంటికి ఒంటరిగా విడువరాదు.

విద్యార్థులకు సూచన

పాఠమును పుస్తకముతో ముగింపరాదు. తీర గ్రామములలో చుట్టములు గల మన విద్యార్థులు ఒక చిన్న పని చేయవచ్చును. ఒడ్డుకు సమీపమున కదలని గుర్తు నొకదానిని, ఒక బావిని గాని, గుడి గోడను గాని, మసీదు మెట్టును గాని ఎన్నుకొని, అక్కడి నుండి పోటు గీత వరకు టేపుతో కొలిచి, తేదీ వేసి వ్రాసికొనవలెను. ఏటేట అదే నెలలో, పౌర్ణమి పోటునాడు, మరల కొలవవలెను. ఐదేండ్లకు ఆ నోటు పుస్తకము మంచి పరిశోధన పత్రమగును. నది ఒడ్డు వారు లంక అంచును కొలువవచ్చును. కొండ సీమ వారు వాన వెలసిన వెంటనే వాగు నీటిని గాజు సీసాలో పట్టి, ఒక రాత్రి కదపక యుంచి, అడుగున దిగిన మన్ను ఎన్ని పొరలైనదో చూడవచ్చును. ముతకది క్రింద, మెత్తనిది మీద దిగును. గోదావరి డెల్టా అంతయు ఆ సీసాలో కనబడును.

"ఇది ఆగుద్దా మాస్టారూ?" అని అడిగిన పెద్దాయనకు నేడు నేను చెప్పగలిగినది ఇంతే. సముద్రమును ఆపుట మన తరము కాదు తాతా. కాని నేల నిచ్చు నదిని మనమే కొంత ఆపితిమి. ఇసుక నడకకు మనమే కొంత అడ్డుపడితిమి. మన చేత జరిగిన దానిలో కొంతయైనను మన చేతనే సరిదిద్దబడగలదు. అందుకు మొదట ఆ లెక్క తెలిసినవారు కావలెను. ఆ లెక్క నేర్చుకొన్న విద్యార్థులలో ఒక్కరైనను రేపు ఇంజనీరై, అధికారియై ప్రాజెక్టు కాగితముపై సంతకము చేయునపుడు, ఆ నురుగు క్రింది ఇంటిని జ్ఞాపకము చేసికొనిన చాలును.